రెండిళ్ళ విసుర్రాయి

వాకడి ఊళ్ళో సోజరబాయి అంటే గిట్టనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ నోరు అలాంటిది. అయినా విసుర్రాయి పాటల్లో ఆమెకు సాటి లేదన్న మాట మాత్రం వాళ్ళు కూడా కాదనేవాళ్ళు కారు. అత్త పోయిన ఏడాదికే తాళాల గుత్తి నడుముకు ఎక్కింది. ఇంట్లో ఎవరికి ఎంత వడ్డించాలి, ఎవరు పుట్టింటికి ఎప్పుడు పోవాలి, అంతా సోజర చెప్పినట్టే జరిగేది. ఇక కోడికూతకు ముందు లేచి జొన్నలు విసరడానికి కూర్చుంటే నాలుగిళ్ళ అవతలి ఆడవాళ్ళు కూడా మంచంలోనే మేలుకుని వినేవాళ్ళు. రెండు చరణాల పాటలు, అప్పటికప్పుడు కట్టేవి. అన్న మీద, దేవుడి మీద, ఆడబిడ్డ దొంగబుద్ధి మీద, వాన రాని ఆకాశం మీద. ఒక చరణం సోజర అందుకుంటే రెండోది ఆమె తోడికోడలు ప్రయాగ పూర్తి చేసేది. ఒక్కోసారి ప్రయాగ మొదలుపెట్టేది, సోజర ముగించేది. ముగింపులో మాత్రం ఎప్పుడూ సోజరదే పైచేయి.

ఇదంతా పిండిమర రాకముందు మాట. నాందేడ్ నుంచి కరెంటు తీగ ఊళ్ళోకి వచ్చింది, తీగ వెంబడే పిండిమర వచ్చింది. డబ్బాలో జొన్నలు పోసి పంపితే డబ్బా వెచ్చటి పిండితో తిరిగొచ్చేది. అరచేతుల కాయలు మెత్తబడ్డాయి, భుజాల నొప్పులు పోయాయి. మర వచ్చిందని సోజర ఏడవలేదు, ఊళ్ళో ఏ ఆడదీ ఏడవలేదు. ఏడవడానికి వాళ్ళకేమైనా పిచ్చా?

పోయిన పంద్రాగస్టుకు బడిలో జెండా ఎగరేశాక సంఘం ఆడవాళ్ళు సోజరను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చారు. పాత పాటలు పాడమన్నారు. సోజర కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ముక్క కూడా రాలేదు. ఆమె కుడిచేయి దానంతటదే లేచి గాలిలో గుండ్రంగా రెండు చుట్లు తిరిగింది. అది చూసి పిల్లలు కిసకిస నవ్వారు. చివరికి ఊరంతా పాడే విఠ్ఠలుడి భజన ఒకటి గబగబా పాడేసి ఆమె కిందికి దిగిపోయింది.

వయసు మీద పడిందని అందరితో అంది. కానీ ఆ మాట ఆమెకే నచ్చలేదు. వయసు మీద పడితే, ముప్పై ఏళ్ళ కింద ఆడబిడ్డ పెళ్ళిలో తనకు చిరుగు చీర పెట్టిన వియ్యపురాలి పేరు, ఆ చీర అంచు రంగుతో సహా ఎలా గుర్తుంది? పొయ్యి దగ్గర నుంచి ఏదో తేవడానికి వాకిట్లోకి వస్తాం, వచ్చాక ఎందుకు వచ్చామో తెలియదు. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతే, కుతకుతలాడే పప్పు చూడగానే, ఉప్పు కోసమని గుర్తొస్తుంది. మాట తల్లోంచి పోలేదు, పొయ్యి దగ్గరే ఉండిపోయింది. సోజరకు ఇది రోజూ జరిగేదే. తన పాటలన్నీ కూడా అలా ఎక్కడో ఉండిపోయాయని మాత్రం ఆమె అనుకోలేదు.

శీతాకాలంలో ప్రయాగ మంచం పట్టింది. కడుపులో గడ్డ. పట్నంలో డాక్టర్లు కోసి చూసి, మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకరోజు ప్రయాగ కోడలు వనిత సోజర వాకిట్లోకి వచ్చి నిలబడింది. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే, కానీ వనిత పెళ్ళయి వచ్చాక ఆ వాకిలి తొక్కడం అదే మొదలు.

"పెద్దత్తా, మా అత్త నిన్ను ఒక్కపారి రమ్మన్నది."

"ఎందుకట?"

"నాకు చెప్పలె. నీతోనే చెప్తదట."

రెండిళ్ళ మధ్య ఎందుకు మాటలు లేవని ఊళ్ళో ఎవరినడిగినా, ఆస్తి పంచుకున్నప్పటి నుంచి అంటారు. అన్నదమ్ములు కొండిబా, మారోతి వేరుపడిన రోజు గురించి ఇప్పటికీ నవ్వుకుంటారు. సోజర భర్త కొండిబా పెద్దవాడు, ప్రయాగ భర్త మారోతి చిన్నవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు, వాళ్ళ పంతాలు మాత్రం పిల్లలకు మిగిలాయి. ఆ రోజు భూమి పంచారు, ఎడ్లు పంచారు, గిన్నెలు, గంగాళాలు, చివరికి గోడకు కొట్టిన మేకులు కూడా పంచారు. ఆఖరున విసుర్రాయి మిగిలింది. అప్పటికే ఊళ్ళో పిండిమర ఆడుతోంది, రాయితో పని ఎవరికీ లేదు. అయినా కొండిబా నాకే అన్నాడు. మా అమ్మ రాయి, నాకే అన్నాడు మారోతి. పంచాయతీకి వచ్చిన పెద్దమనిషికి తిండి వేళ మించిపోతోంది. కిందిరాయి పెద్దోడికి, పైరాయి చిన్నోడికి, లేవండి ఇక, అన్నాడు విసుగ్గా. అందరూ పగలబడి నవ్వారు. అన్నదమ్ములు మాత్రం నవ్వలేదు, సరే అన్నారు. చెరొక రాయి భుజాన పెట్టుకుని చెరొక వాకిట్లోకి పోయారు.

జన్మంతా ఆ రాయి తిప్పిన ఇద్దరు ఆడవాళ్ళనూ ఒక్కడు కూడా అడగలేదు. రొట్టె తినే మగవాడికి పిండి ఎట్లా వస్తుందో తెలియాల్సిన అవసరం ఎన్నడు పడింది గనుక! ఆడవాళ్ళు కూడా నోరు మెదపలేదు. సోజరకైతే ఆ రోజు ఒంటి మీది బరువు దిగినట్టు అనిపించింది. ఎందుకు అలా అనిపించిందో తర్వాత ఆలోచించినా ఆమెకు తట్టలేదు.

సోజర వనిత వెంట పోయింది. మంచంలో ప్రయాగ లేదు, ప్రయాగ ఎముకలున్నాయి. ఒకప్పుడు జొన్న బస్తా ఒంటిచేత్తో ఎత్తిన మనిషి. సోజర మంచం పట్టె మీద కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, దుప్పటి మాసిందని వనితను కసిరింది. ప్రయాగ కొంచెం నవ్వింది.

"అక్కా, శేవంత మొఖం నాకు యాదికొస్తలేదు," అంది.

శేవంత ప్రయాగ తొలిచూలు పిల్ల. పాలపళ్ళు ఊడకముందే పోయింది. వానాకాలంలో జ్వరం వచ్చింది, దేవుడు తీసుకుపోయాడు. ఆ పిల్ల గురించి ఎవరు ఎప్పుడడిగినా సోజర చెప్పేది ఆ రెండు ముక్కలే. ఆమెకు గుర్తున్నదీ అంతే. వాన, తడిసిన పేడ వాసన, వాకిట్లో బురద. ఆ తర్వాత ప్రయాగకు కొడుకు పుట్టాడు, గ్యానోబా. శేవంత మాట ఇంట్లో నెమ్మదిగా ఆగిపోయింది.

ప్రయాగ ఆగి ఆగి చెప్పింది. ఆ పిల్లకు ఫోటో లేదు, పంచుకున్నప్పుడు బట్టల మూట కూడా ఎక్కడో పోయింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే కనబడేది, ఇప్పుడు ఎంత కళ్ళు మూసుకున్నా వేరే పిల్లల ముఖాలు వస్తున్నాయి. మనవరాలి ముఖం వస్తోంది, టీవీలో పిల్లల ముఖాలు కూడా వస్తున్నాయి.

"పాటలల్ల ఉండె గదా అది. నడిస్తె ఎట్లుండె, నవ్వితె ఎట్లుండె, అంత ఉండె. సగం నువ్వే కట్టినవు. నాకు ఒక్కటి యాదికి లేదక్కా. పోయేటప్పుడు ఒక్కపారి వింటె సాలు. అక్కడ అది ఎదురొస్తె గుర్తుపట్టాలె గదా."

సోజర దుప్పటి అంచు సర్దింది. ఓసి, దీనికేనా ఇంత, అంది. పాటలంటే ఊళ్ళో ఇంకెవరి దగ్గరికి పోతారు అని కూడా అంది. వేరుపడ్డాక ప్రయాగ తనను ఒకటి అడగడం ఇదే మొదలు, బహుశా ఇదే చివర. ఇది కూడా ఇవ్వలేకపోతే తాను ఎందుకు? వెన్ను నిటారుగా పెట్టి నోరు తెరిచింది. "శేవంత..." అంది. మళ్ళీ "శేవంత..." అంది. ఆ పేరు తర్వాత అంతా ఖాళీ. బడిలో మైకు ముందు ఎట్లా ఉందో అట్లాగే. ప్రయాగ పెద్ద కళ్ళతో చూస్తూనే ఉంది. గొంతు పట్టేసింది, రేపు పాడతాలే అని సోజర లేచి వచ్చేసింది.

రేపు అన్నది మర్నాడు కూడా రేపే అయింది. రోజుకొక సాకు. ఒకరోజు జలుబు, ఒకరోజు ఇంటికి చుట్టాలు. ప్రయాగ తలుపు వైపు చూసేది. ఆ చూపు సోజర వీపు మీద పడి ఇంటిదాకా వచ్చేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద కూర్చుని, బోర్లించిన పళ్ళెం మీద చేయి పెట్టి గుండ్రంగా తిప్పి చూసింది. పళ్ళెం గరగరమంది, పాట రాలేదు. కోడలు మందా వచ్చి చూసి, అత్తకు మతి తప్పిందేమోనని భయపడింది. సోజర ఆమె మీద అరిచింది. అరవడానికి మాత్రం మాటలు తడుముకోనక్కర్లేకపోయింది.

పాటలు ఏ మూలన ఉన్నాయో ఆమెకు స్నానాలగదిలో తెలిసింది. కిందిరాయి అక్కడే ఉంది. కొడుకు దిగంబర్ గచ్చు వేయించినప్పుడు, పారేయడమెందుకని, కూర్చుని స్నానం చేయడానికి దాన్ని సిమెంటులో పాతించాడు. సోజర రోజూ దాని మీదే కూర్చుని నీళ్ళు పోసుకుంటోంది. ఆ రోజు సబ్బు జారిపోతే వెతుకుతున్న వేళ్ళు రాయి అంచు మీద ఒక పల్లాన్ని పట్టుకున్నాయి. ఎన్నో ఏళ్ళు పిండి ఊడ్చిన వేళ్ళకు తెలిసిన పల్లం. వెంటనే ఆమె పెదవుల మీదికి ఒక ముక్క వచ్చింది. అన్న మీది పాట, సగమే, అది కూడా నీళ్ళ చప్పుడుకి పోయింది. కానీ వచ్చింది! సోజర తడి బట్టలతోనే కొడుకును కేకేసింది. రాయి తవ్వి తీయమంది, గోడ అవతలికి పంపమంది.

దిగంబర్ వినలేదు. గచ్చు పగిలిపోతుందన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. పంపకంలో మన పాలికి వచ్చింది, ఇయ్యాల రాయి ఇస్తే రేపు బావిల వంతు అడుగుతరు, అన్నాడు. బాపు మాట అంటే బాపు మాటే అన్నాడు. చచ్చినవాడి పంతం బతికున్నవాడి నోట్లో ఎంత బాగా పలుకుతుందో! సోజర ఆ పూట అన్నం ముట్టలేదు, రెండో పూట కూడా ముట్టలేదు. చివరికి మందాయే దారి చూపించింది. కిందిరాయి కదలకపోతే పైరాయినే ఇక్కడికి తెప్పించమంది.

పైరాయి గ్యానోబా ఇంటి కొట్టం రేకుల మీద ఉంది, గాలికి రేకు లేవకుండా. గ్యానోబా కూడా తన వంతు గొణుగుడు గొణిగాడు. రాయి ఆ ఇంటికి పోతే తిరిగొస్తుందా అన్నాడు. మీ అమ్మ కన్న నీకు రేకులు ఎక్కువనా అని వనిత అడిగింది. అతను నిచ్చెన వేసుకుని ఎక్కి రాయి దింపాడు. ప్రయాగ మంచంలో ఉండగా రాయి ఒక్కటే వస్తే ఏం లాభం? వనిత ఆ మాట అత్త దగ్గర ఎత్తడానికి జంకింది. ఆ ఇంటి గడప తొక్కనని ప్రయాగ ఎన్నడో ఒట్టు పెట్టుకున్న సంగతి ఆమెకు తెలుసు. ప్రయాగే తేల్చింది.

"నన్ను మోసుకపోండ్రి," అంది.

గోడలో దారి లేదు. వీధిలోంచి తిప్పి మంచంతో సహా తీసుకొచ్చారు. సోజర వాకిట్లోకి రాగానే ప్రయాగ ఆగమంది. ఎడ్లకొట్టం గుంజ వైపు కాసేపు చూసింది. నొప్పా అని వనిత అడిగితే తల అడ్డంగా ఊపి, పోనివ్వమంది.

స్నానాలగది ఆరబెట్టి, తుడిచి, గోనెపట్టా పరిచి ఉంచింది మందా. కిందిరాయి నడిమి మేకును పాతించినప్పుడే కోసేశారు గనుక దిగంబర్ కొత్తది దిగ్గొట్టాడు, మొహం మాడ్చుకుని అయినా. గ్యానోబా కొత్త పిడి చెక్కి తెచ్చాడు. పైరాయిని ఇద్దరూ కలిసి ఎత్తి మేకు మీద కూర్చోబెట్టారు. రెండు రాళ్ళ పొట్టలూ ఒకదాన్నొకటి తాకాయి. పంచినవాళ్ళ కొడుకులే కలిపారు కదా అని సోజరకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెంటనే చేదుగా మారిపోయింది. మగవాళ్ళు బయటికి పోయారు.

వనిత వెనక కూర్చుని ప్రయాగను తన ఒంటికి ఆనించుకుంది. ఎదురుగా సోజర, ఒక కాలు చాపి, ఒకటి మడిచి. పిడి మీద ప్రయాగ చేయి, దాని పైన సోజర చేయి. మందా గుప్పెడు జొన్నలు రాయి నోట్లో పోసింది. సోజర లాగింది. ఉలితో కక్కు కొట్టి గరుకు చేయక నున్నబడిన రాయి ముందు మొరాయించింది, తర్వాత గుర్రుమంది, తర్వాత తిరిగింది. అంచు నుంచి రేకుల దుమ్ము కలిసిన నల్లటి పిండి రాలింది.

ఆ గుర్రుమనే చప్పుడుతో పాటే పాట వచ్చింది. సోజర తెచ్చింది కాదు, దానంతటదే వచ్చింది. మొదట దేవుడిది, తర్వాత అన్న మీది పాట. స్నానాలగదిలో సగం పోయిన ముక్క ఇప్పుడు తోకతో సహా వచ్చింది. ఆ తర్వాత అత్తగారి పిసినారితనం మీద కట్టినది వచ్చేసరికి మందా, వనిత ఇద్దరూ నోరు మూసుకుని నవ్వారు. ప్రయాగ కూడా రెండో చరణాలు అందుకోసాగింది, గాలి అంత సన్నగా. సోజర ముఖం వెలిగిపోయింది. చూసిండ్రా, ఏడికి పోలె, ఈ రాయిలనే ఉన్నయి అంది. పాటలు రికార్డు చేద్దామని మందా తన ఫోను తీసి రాయి పక్కన పెట్టింది.

"శేవంతవి పాడక్కా," అంది ప్రయాగ.

సోజర కళ్ళు మూసుకుంది. ఈసారి తప్పక వస్తాయి. పిల్ల ముద్దు పాటలు ఎన్ని కట్టారని, విసురుతుంటే ఆ పిల్ల వచ్చి వీపెక్కేది. ప్రయాగ అలిసిపోయింది. ఆమె చేయి పిడి మీద ఊరికే ఉంది, లాగడం లేదు. బరువంతా సోజర మీదే పడింది. రాయి నెమ్మదించింది. సగం చుట్టు తిరిగి ఆగుతోంది, సోజర ఒళ్ళు వంచి ఈడిస్తే మిగతా సగం తిరుగుతోంది. ఈ ఈడ్పు ఆమె భుజానికి తెలుసు. ఒక వానాకాలం చివర, రోజుల తరబడి, ఎదుటి చేయి ఇలాగే పిడి మీద ఊరికే ఉండేది. అప్పుడు కూడా బరువంతా తనే లాగింది. ముద్దు పాటల నాటి రాయి ఇంత బరువుగా ఎన్నడూ లేదు. సోజర నోరు తెరుచుకుంది, ఆ వానాకాలపు పాట వచ్చింది.

"పోళా పండగొచ్చె, ఎడ్ల మెడ నిండ దండ,
నా శేవంత ఒళ్ళు కాలె నిప్పుల కుండ..."

ఇది తన పాట కాదు, ప్రయాగది. వనిత ఒంటికి ఆనుకున్న ప్రయాగ కళ్ళు తెరిచింది. రెండోది తనే అందుకుంది, పదం పదం వెతుక్కోకుండా.

"కాడి గట్టమంటి, కాళ్ళు మొక్కుకుంటి,
తాళాల గుత్తికి దండం పెట్టుకుంటి..."

ఆపి ఉండాల్సింది. కానీ రాయి సగం చుట్టులో ఉంది, చేయి ఈడుస్తోంది, ఈ చరణం తర్వాత వచ్చేది ఏమిటో గొంతుకు తెలుసు, మనిషికి తెలిసేలోపే. సోజర ఎప్పటిలాగే, పైచేయి తనదే అన్నట్టు, ముగించింది.

"ఎడ్లకు పండగ ఏటికొక్కటే బాయి,
పోయేటి శేవంత ఎట్లైన పరాయి."

రాయి ఆగిపోయింది. మందా ముఖం పాలిపోయింది. వనిత పెద్దత్త వైపు చూడలేక నల్లటి పిండి వైపు చూసింది.

సోజరకు అంతా వచ్చింది, వరుసగా, ఒక్కటీ తప్పకుండా. పోళా పండగ. ఎడ్లకు కొమ్ములు రంగులేసి, మెడలో పూసల దండలేసి, బొబ్బట్ల లాంటి పోలెలు తినిపించే రోజు. ఆ రోజు ఎద్దు మెడ మీద ఎవరూ కాడి పెట్టరు, పెడితే ఇంటికి అరిష్టం. పిల్లకు మూడో పూట జ్వరం, ఫిట్లు వస్తున్నాయి. రోడ్డుదాకా బురద, బండి తప్ప దారి లేదు. కొండిబా ఊరేగింపులో ఉన్నాడు, మారోతి వదినను అడగకుండా పని చేసేవాడు కాదు. ప్రయాగ కొట్టం గుంజ దగ్గర తన కాళ్ళు పట్టుకుంది. రంగు కొమ్ముల ఎడ్లు పోలెలు నములుతున్నాయి. పండగనాడు కాడి గడ్తరా, మిరియాల కషాయం తాపు, పొద్దుగాల పోదాం అంది సోజర. కోపంగా అనలేదు. తాళాలు ఉన్న మనిషి ఎలా అంటుందో అలా అంది. పొద్దున్నే బండి కట్టారు, కానీ పోవాల్సిన దారి వేరు అయింది.

ఆ తర్వాత ప్రయాగ ఒక్క మాట కూడా అనలేదు. ఇంట్లో అనలేదు, పొలంలో అనలేదు, పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు కూడా అనలేదు. విసుర్రాయి దగ్గర మాత్రం పాడింది. ఆ రాయి దగ్గర ఆడది ఎవరినైనా ఏమైనా అనొచ్చు, లేచాక ఆ మాట ఎత్తకూడదు, అది ఊరి ఆడవాళ్ళ కట్టు. సోజరకు పట్టరాని కోపం వచ్చింది. జవాబు కట్టింది. ప్రాస బాగా కుదిరిందని అప్పుడు లోలోపల మురిసింది కూడా, అదీ గుర్తొచ్చింది. ప్రయాగ ఆ తర్వాత ఇక పాడలేదు. కొన్ని వారాలకు పిండిమర వచ్చింది, పంపకం అయింది, రెండు రాళ్ళు రెండిళ్ళకు పోయాయి. రాయి దగ్గర తప్ప ఇంకెక్కడా అనని మాట రాయితో పాటే పోయింది. గోడ కట్టింది పొలం కోసమేనని ఊరు నమ్మింది, సోజర కూడా నమ్మింది. ఎంత హాయిగా నమ్మింది!

"నేను గట్లన్ననా?" అంది సోజర. తన గొంతు తనకే వేరేగా వినబడింది.

"అన్నవు," అంది ప్రయాగ. "మాటలు నాకు యాదికి లేకుండె. కడుపుల మంట ఒక్కటే ఉండె. ఎందుకో తెల్వకుండనే మండుతుండె ఇన్నేండ్లు."

తప్పయింది అన్న మాట సోజర నోటిదాకా వచ్చింది. ఎవరితో అనాలి, ఎముకలతోనా? దానికి బదులు ఆమె రాయి మీద పడింది. ఆగు, ముద్దు పాటలు ఉన్నయి, అవి పాడ్త, ఆగు అంటూ రాయి ఈడ్చింది. మందా చేతిలోంచి జొన్నలు లాక్కుని పోసింది. సగం చుట్టు, ఆగడం, సగం చుట్టు. పిల్ల కాళ్ళు ఎలా ఉండేవి? నవ్వు ఎలా ఉండేది? వీపెక్కితే ఏమనేది? కళ్ళు గట్టిగా మూసుకుంది. రంగు కొమ్ములు కనబడ్డాయి. ఎన్నిసార్లు తిప్పినా ఆ ఒక్క పాటే గొంతులోకి వచ్చి నిలబడుతోంది, దాని వెనక ఇంకేదీ రావడం లేదు. సోజర బావురుమంది. ఊరు చూసిన సోజరబాయి ఎవరి ముందూ ఏడ్చిన మనిషి కాదు.

పెద్దత్తను చూస్తే వనితకు అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది. పోదామత్తా అని ప్రయాగను లేపబోయింది. ప్రయాగ లేవలేదు. పిడి మీద చేయి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గదే మళ్ళ పాడక్కా," అంది.

సోజర తల ఎత్తి చూసింది. ఎగతాళి కాదు, కోపం కాదు. ఆ ముఖంలో అడగడం తప్ప ఏమీ లేదు.

"వద్దే ప్రయాగా. అది వద్దు. నీ కాళ్ళు మొక్కుత."

"ఇంకేం లేదు గదా నీ తాన. దాంట్లనన్న దాని పేరుంది. పాడు."

సోజర కొంగుతో ముఖం తుడుచుకుని పిడి పట్టుకుంది. ఎదుటి చేయి లేదు. బరువంతా తనే ఈడుస్తూ, పోయేటి శేవంత ఎట్లైన పరాయి అని మళ్ళీ పాడింది.